మే నెలలో మంచు

మా అత్తమ్మకు మతి చలించిందని నలుగురిలో మొదట చెప్పింది నేనే. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఎవరూ కొట్టి చెప్పించలేదు, బెదిరించీ చెప్పించలేదు. నాన్న ఒక ప్రశ్న అడిగాడు. దానికి అవునో కాదో అంటే సరిపోయేది. మిగతాదంతా నేనే కల్పించాను. ఎందుకలా చేశానో చెప్పాలంటే సిమ్లా సంగతి చెప్పాలి.

ఎనభైల మధ్యలో మేం మణుగూరు బొగ్గుగనుల కాలనీలో ఉండేవాళ్లం. నాన్న టైం ఆఫీసులో గుమాస్తా. గనిలోకి దిగేవాళ్ల హాజరు రాయడం ఆయన పని. రెండు గదుల క్వార్టరు, ముందు రేకుల వరండా, వెనక జామచెట్టు, దాని వెనక ముళ్లకంచె. కంచె దాటితే అడవే. ఇంట్లో మేం నలుగురం. నాన్న, అమ్మ, నేను, అత్తమ్మ.

అత్తమ్మ నాన్నకు అక్క. ఆయన కంటే పన్నెండేళ్లు పెద్దది. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే కారేపల్లిలో పుట్టింటికి తిరిగొచ్చింది. మా నానమ్మ చనిపోయాక నాన్నను, చిన్నాయనను ఆమే సాకింది. నాన్నకు ఉద్యోగం రాగానే వండిపెట్టడానికి ఆయన వెంట మణుగూరు వచ్చి, ఇక అక్కడే ఉండిపోయింది. మా ఇంట్లో పొయ్యి ఆమెదే, నల్లా దగ్గర వరస ఆమెదే, పిండి విసరడం ఆమెదే. అమ్మ పని చేయదని కాదు. అత్తమ్మ చేయగా మిగిలింది చేసేది.

ఉద్యోగులకు నాలుగేళ్లకోసారి కుటుంబంతో దేశంలో ఎక్కడికైనా వెళ్లి రావడానికి ఎల్టీసీ అని రాకపోకల ఖర్చులు ఇచ్చేవారు. అంతకుముందు నాన్న ఆ సెలవు మీద తిరుపతికి వెళ్లొచ్చాడు. ఈసారి మంచు చూడాలన్నాడు. దానికి కారణం పక్క క్వార్టరు.

పక్క క్వార్టర్లో కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు కుటుంబం ఉండేది. ముందటి ఏడు వాళ్లు కాశ్మీరు వెళ్లి, ఒక ఆల్బం నిండా ఫొటోలు తెచ్చుకున్నారు. ఇంజనీరు భార్య ఆ ఆల్బం ఎవరొచ్చినా ఒళ్లో పెట్టేది. మంచులో ఆమె, మంచు ఉండ విసురుతున్న ఆమె భర్త, మంచు మీద కూర్చున్న పిల్లలు. నాన్న ఆ ఆల్బం పూర్తిగా చూసి, "మంచిగున్నయ్" అని మూసి ఇచ్చాడు. ఆ తర్వాత చాన్నాళ్లు వాళ్లింటికి పోలేదు.

టైం ఆఫీసు గోడ మీద ఒక క్యాలెండరు ఉండేది. అందులో సిమ్లా బొమ్మ ఉన్న కాగితాన్ని నాన్న చించి ఇంటికి తెచ్చాడు. ఇళ్ల కప్పుల మీద, చెట్ల మీద, దారి మీద అంతా తెల్లగా మంచు. దాన్ని దేవుడి పటం పక్కన మేకుకు తగిలించాడు. "కాశ్మీర్ల ఏమున్నది? దానికంటే మంచిది గిదే" అన్నాడు. ఇక కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. బజారులో చెప్పాడు, షిఫ్టు మారేటప్పుడు గని గేటు దగ్గర చెప్పాడు. నేను కాలనీ ఆడపిల్లలందరికీ చెప్పాను. మణుగూరులో మే నెలంటే గోడ ముట్టుకుంటే చేయి కాలుతుంది. ఆ ఎండలో నిలబడి నేను మంచులో ఎలా జారతానో వాళ్లకు చేసి చూపించేదాన్ని.

అత్తమ్మకు మంచు సంగతి పట్టలేదు. ఆమె ఒక్కటే అడిగింది.

"తమ్మీ, గంగ గా దిక్కేనా ఉంటది?"

"అవ్ అక్కా. వచ్చేటప్పుడు హరిద్వార్ల దిగుదం. రెండు దినాలుందం. నీ ఇష్టం ఉన్నన్ని సార్లు మునుగు."

ఆ రోజు నుంచి అత్తమ్మ నడకే మారింది. పెట్టెలోంచి ఒక రాగి చెంబు తీసి చింతపండుతో తోమి పెట్టుకుంది. ఇంజనీరు తల్లి అప్పటికి ఏడాదిగా మంచంలో ఉంది. అత్తమ్మ మధ్యాహ్నాలు వెళ్లి ఆమె కాళ్లకు నూనె రాసి వచ్చేది. వాళ్లిద్దరి మాట ఒకరిది ఒకరికి సగమే అర్థమయ్యేది, అయినా గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఆ ముసలామె అత్తమ్మ చేయి పట్టుకుని, "నాక్కాస్త గంగ తెచ్చిపెట్టమ్మా, నోట్లో పోసుకుని పోతాను" అంది. తెస్తానని అత్తమ్మ మాటిచ్చింది.

చలికాలంలో ఖమ్మంలో రోడ్డు పక్కన అమ్మే ఉన్ని బట్టలు నాన్న ముందే కొని దాచాడు. ఆయనకొకటి, అమ్మకొకటి, నాకొకటి. అత్తమ్మకు తన పాత మంకీ క్యాపు, అమ్మ పాత శాలువ ఇచ్చాడు. "నీకు చలి కొట్టదక్కా, నువ్వు పొయ్యి కాడ పెరిగినదానివి" అని నవ్వాడు. అత్తమ్మ కూడా నవ్వింది.

ఖమ్మంలో రైలెక్కి ఢిల్లీ, అక్కడి నుంచి కాల్కా, కాల్కా నుంచి కొండెక్కే బుల్లి రైలు. మొత్తం మూడు రోజులు. అత్తమ్మ కట్టిన రొట్టెలు, పులిహోర రెండో రోజుకే అయిపోయాయి. సొరంగం వచ్చినప్పుడల్లా నాన్న, "గీ సొరంగం దాటితే సూడు, మంచు మొదలైతది" అనేవాడు. సొరంగాలు వస్తూనే ఉన్నాయి. సిమ్లా స్టేషన్లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఎండ కాస్తోంది. మా ఊరంత ఎండ కాదు కానీ ఎండే. స్వెట్టర్లు తొడుక్కున్న మేం ముగ్గురం చెమటలు కక్కుకుంటూ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. మా చుట్టూ ఇంకా చాలా కుటుంబాలు అలాగే స్వెట్టర్లలో చెమటలు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాయి. అందరూ పైకి చూస్తున్నారు.

నాన్న లాడ్జివాణ్ణి తనకొచ్చిన హిందీలో అడిగాడు, మంచు ఎటువైపు అని. వాడు ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత లోపల ఉన్న ఇంకొకణ్ణి పిలిచి చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. "బరఫ్? జనవరీ మే ఆనా సాబ్" అన్నాడు, మంచు కావాలంటే జనవరిలో రమ్మని.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో మేకుకు తగిలించిన కాగితం మీద, బొమ్మ కింద అంకెల పైన, జనవరి అనే ఉంది. ఆ కాగితాన్ని రోజూ చూసినవాళ్లం, ఒక్కరం కూడా ఆ మాట చదవలేదు. నేను చెబుదామని నోరు తెరిచాను. నాన్న ముఖం చూసి మూసేశాను.

అసలు దెబ్బ నీళ్ల దగ్గర తగిలింది. సిమ్లాలో ఎండాకాలం నీళ్లకు కటకటట. లాడ్జిలో గదికి పొద్దున రెండు బకెట్లు, అంతే. అంతకు మించి కావాలంటే కింద వీధిలోకి ట్యాంకరు వచ్చినప్పుడు వరసలో నిలబడి తెచ్చుకోవాలి. నాన్న ఏ ఆలోచనా లేకుండా ఆ పని అత్తమ్మకు అప్పజెప్పాడు. మర్నాడు మేం ముగ్గురం ఊరు చూడటానికి వెళితే ఆమె బకెట్టు పట్టుకుని అక్కడి ఆడవాళ్ల మధ్య వరసలో నిలబడింది. సాయంత్రం మేం కాళ్లు పీక్కుపోతూ తిరిగొచ్చేసరికి నాలుగు బకెట్లు నిండి ఉన్నాయి. అత్తమ్మ మెట్ల మీద ఇద్దరు కొండ ఆడవాళ్ల పక్కన కూర్చుని ఏదో గింజలు నములుతోంది. ఆమె వాళ్లకు పచ్చబొట్టు చూపిస్తోంది, వాళ్లు ఆమెకు ముక్కుపుడకలు చూపిస్తున్నారు. ఆ ప్రయాణం మొత్తంలో మనసారా నవ్విన మనిషి ఆమె ఒక్కతే.

"ఏమున్నయ్ బిడ్డా మీరు పోయినకాడ?" అని అడిగింది.

"కోతులున్నయ్" అన్నాను. అది నిజం. కోతులు, దుకాణాలు, మాలాగే వచ్చిన జనం.

మూడో రోజు కుఫ్రీ అనే చోటుకు పోయాం. పైన తప్పకుండా మంచుంటుందని ఎవడో గుర్రాలవాడు చెప్పాడు. అత్తమ్మను కూడా తీసుకెళ్లారు. నీళ్లు సరిపడా ఉన్నాయి కనుక. గుర్రాలెక్కడానికి నాన్న ఒప్పుకోలేదు, నడిపించాడు. దారంతా బురద, లద్దె. చీలమండల దాకా దిగబడుతూ ఎక్కాం. పైకి చేరితే ఒక పచ్చిక మైదానం, అందులో ఒక జడలబర్రె, దాని మీద ఎక్కి ఫొటో దిగడానికి వరసకట్టిన జనం. మంచు లేదు. చాలా దూరంలో, ఆకాశం అంచున ఏదో తెల్లగా గీత గీసినట్టు ఉంది.

"అగో, మంచు!" అన్నాడు నాన్న.

"మబ్బేమో" అంది అమ్మ.

"మబ్బు గట్లుంటదా? కండ్లు లేవా నీకు?"

అత్తమ్మ అదేం వినలేదు. ఒక పెద్ద దేవదారు చెట్టు మొదట్లో ఆయాసపడుతూ కూర్చుంది. దాని బెరడు మీద అరచేయి ఆనించి, "ఎన్నేండ్లదానివే తల్లీ నువ్వు" అని చెట్టును అడిగింది. అడవి పక్కన పుట్టిన మనిషి, చెట్టును పలకరించడం ఆమెకు అలవాటే. తర్వాత చుట్టూ చూసి, ఏ దురుద్దేశమూ లేకుండా అంది.

"మన గుట్టలసొంటియే గదా తమ్మీ. ఇంకింత పొడుగున్నయ్, గంతే. దీనికోసమా మూడు దినాలు రైల్ల కూసున్నం?"

నాన్న ఆగిపోయాడు. ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పొద్దున్నుంచీ ఆయన తనతో తాను అనుకుంటున్న మాటే అది. ఆయన అరవలేదు. చుట్టూ జనం ఉన్నారు. దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "నిన్ను తోలుకొచ్చుడే నాది తప్పు. గొడ్డును తోలుకొచ్చినా ఇంత మేసి సప్పుడు జేయక ఉండేది" అన్నాడు. అమ్మ ముసిముసిగా నవ్వింది. అమ్మ నవ్విందని నేనూ నవ్వాను.

అక్కడితో ఆగితే హరిద్వార్‌కు రెండు రోజులు మిగిలేవి. కానీ ఇంకా పైన నార్కండ అనే ఊరుందని, అక్కడ మంచు ఉండొచ్చని లాడ్జిలో ఎవరో అన్నారు. నాన్న మర్నాడు బస్సెక్కించాడు. ఘాట్ రోడ్డు మీద అమ్మ నాలుగుసార్లు వాంతి చేసుకుంది. నార్కండలో ఆపిల్ తోటలున్నాయి, మంచు లేదు. ఇంకో రోజు ఇంకో చోటుకు పోయాం. ఆ చోటు పేరు కూడా నాకు గుర్తులేదు. అక్కడ ఒక లోయ నీడలో పడకమంచమంత మేర ఏదో బూడిదరంగు గడ్డ కనబడితే నాన్న పరుగెత్తి దిగాడు. అది సున్నపు రాయి.

తిరిగొచ్చి లాడ్జి గదిలో మంచం మీద బోర్లా పడుకున్న నాన్నను అత్తమ్మ అడిగింది. ఆమె అడిగిన తీరు నాకిప్పటికీ వినబడుతుంది. పిల్లలు మిఠాయి అడిగినట్టు అడిగింది.

"తమ్మీ, గంగకు రేపు పోతమా?"

"గంగ లేదు, గింగ లేదు. సెలవులైపోయినయ్. రేపు వాపసు."

"ఒక్క పూట దిగిపోదం. మునిగి, గీ చెంబు నింపుకుంట. గంతే."

నాన్న లేచి కూర్చున్నాడు. "నీ బతుకు ఎప్పుడో గంగల కలిసింది. మళ్ల వేరే గంగ ఎందుకు నీకు?"

అత్తమ్మ చేతిలో తువ్వాలుంది. దాన్ని మడిచింది. మడిచినదాన్ని విప్పి మళ్లీ మడిచింది. తర్వాత ఆమె బకెట్టు తీసుకుని నీళ్లకు కిందికి వెళ్లింది. నీళ్లు అవసరం లేదు, రెండు బకెట్లు నిండుగానే ఉన్నాయి.

తిరిగి బయల్దేరే రోజు పొద్దున నాన్న మమ్మల్ని ఒక సందులోని ఫొటో స్టూడియోకు తీసుకెళ్లాడు. అక్కడ గోడంతా కప్పేలా ఒక గుడ్డ వేలాడుతోంది. దాని మీద మంచుకొండలు, తెల్లబడ్డ చెట్లు రంగులతో వేసి ఉన్నాయి. మేం స్వెట్టర్లు వేసుకుని దాని ముందు నిలబడితే స్టూడియోవాడు కింద దూది పరిచి, మా భుజాల మీదా జుట్టులోనూ దూదిపింజలు అతికించాడు. వాడు అత్తమ్మను కూడా రమ్మని చేయూపాడు. నాన్న వద్దన్నాడు. ఆమె మా చెప్పులు, సంచులు పట్టుకుని కెమెరా పక్కన నిలబడి చూసింది. ఫొటోలో మేం ముగ్గురం ఒకే దిక్కుకు చూస్తూ నవ్వుతున్నాం.

ఢిల్లీ స్టేషన్లో రైలు మారేటప్పుడు నాన్న అత్తమ్మ సంచిలోంచి చెంబు తీశాడు. ప్లాట్‌ఫారం మీది నల్లా దగ్గరకు పోయి నింపాడు. మూత పెట్టి, కొవ్వొత్తి కరిగించి చుట్టూ మైనం పోశాడు.

"అడిగినోళ్లకు గంగ అని ఇయ్యి" అన్నాడు అత్తమ్మతో.

ఆమె చెంబును తీసుకోలేదు. అమ్మ తీసుకుంది.

కాలనీకి తిరిగొచ్చిన మర్నాటి నుంచి మా వరండా జనంతో నిండింది. నాన్న కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. మంచు ఎలా పడిందో, గడప దాటితే కాలు ఎలా దిగబడిందో, వేడి టీ గ్లాసులోనే ఎలా గడ్డకట్టిందో. చెప్పినకొద్దీ మంచు లోతు పెరిగింది. ఫొటో చేతులు మారింది. ఇంజనీరు కూడా వచ్చి చూసి, "మాక్కూడా ఇంత దొరకలేదండీ" అన్నాడు. ఆ మాటకు నాన్న ముఖం వెలిగిన తీరు నేనంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నేను నా వంతు చెప్పాను. మంచు ఉండలు విసిరానన్నాను, జారిపడి మోకాలు కొట్టుకుపోయిందన్నాను. మోకాలి మీద కుఫ్రీ బురదలో పడ్డ దెబ్బ నిజంగానే ఉంది. అది చూపించాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంజనీరు భార్య చిన్న వెండిగిన్నె పట్టుకుని మా వెనక గుమ్మం దగ్గరకు వచ్చింది. అత్తమ్మ జామచెట్టు కింద గిన్నెలు తోముతోంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను.

"పిన్నిగారూ, మా అత్తగారు మూడు రోజులుగా ఏమీ తినట్లేదు. మిమ్మల్నే కలవరిస్తోంది. ఒక్క చెంచాడు గంగ పోసివ్వండి."

అత్తమ్మ తోముతున్న గిన్నె కింద పెట్టింది.

"తెస్తనన్న తల్లీ. తేలే."

"అదేంటి? అన్నయ్యగారు మొన్న చెంబు చూపించారు కదా?"

"చెంబు నాదే. నీళ్లు గంగవి కావు. ఢిల్లీ టేషన్ల నల్లా నీళ్లు. మేం హరిద్వార్ పోనేలే. పోయే మనిషి నోట్ల అబద్ధం ఎట్ల పొయ్యాలె?"

ఇంజనీరు భార్య చేతిలోని గిన్నెను కిందికి దించింది. "మరి సిమ్లా?" అంది.

"సిమ్లాకు పోయినం. మంచు లేదు తల్లీ. ఎండ కొట్టింది."

మొదటి షిఫ్టు విడిచాక నాన్న నాలుగింటికి ఇంటికి వచ్చాడు. అప్పటికే ఇంజనీరు మా వరండాలో నిలబడి ఉన్నాడు. ఆయన వెంట భార్య, ఎదురు క్వార్టరు నుంచి ఇంకో ఇద్దరు. ఇంజనీరు మర్యాదస్తుడు. నవ్వుతూనే, "ఏమండీ, మీ అక్కగారు మా ఆవిడతో ఏదో అన్నారట. అసలు మీరు హరిద్వారే వెళ్లలేదనీ, మంచే లేదనీ" అన్నాడు. ఎదురింటివాళ్లలో ఒకాయన అప్పటికే పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటున్నాడు.

నాన్న చేతిలోని టిఫిన్ డబ్బా కింద పెట్టాడు. అత్తమ్మ లోపలి గుమ్మంలో తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. ఆయన ఆమెను చూడలేదు. నన్ను పిలిచాడు.

"బిడ్డా, గిటు రా. మంచు ఉండెనా, లేదా? నువ్వే చెప్పు వీళ్లకు."

ఉంది అని ఊరుకుంటే సరిపోయేది. కానీ ఎదురింటి అమ్మాయి, నా తరగతే, తండ్రి వెనక నిలబడి నా మోకాలి వైపు చూస్తోంది. నాకు ఒళ్లు మండింది. నాన్న మీద కాదు, ఆ అమ్మాయి మీదా కాదు, అత్తమ్మ మీద.

"ఉండె. మోకాళ్ల దాకా ఉండె" అన్నాను. "అత్తమ్మ రాలే. రూంలనే పండుకుంది. హరిద్వార్ల గూడ మునిగింది. అమ్మ పట్టుకుంటే మూడుసార్లు మునిగింది. ఆమెకే యాదికి లేదు. సిమ్లాల ఉన్నప్పటి నుంచి గట్లనే చేస్తున్నది. చెట్లతోటి మాట్లాడింది. ఎన్నేండ్లదానివే అని చెట్టును అడిగింది. రైల్ల ఎవరో పిలుస్తున్నరని లేచి నిలబడింది."

నేను చెబుతుంటే ఇంజనీరు భార్య ముఖంలో అనుమానం పోయి జాలి వచ్చింది. "అయ్యో, పిన్నిగారికి ఎంత కష్టమొచ్చింది" అంది. ఇంజనీరు తలూపి, "ఎత్తైన చోట గాలి పల్చగా ఉంటుంది. పెద్దవాళ్లకు మెదడు మీద పనిచేస్తుంది. డాక్టరుకు చూపించండి" అన్నాడు. నాన్న తలవంచుకుని, ఇంటి పరువు కోసం దాచిన సంగతి బయటపడ్డవాడిలా నిట్టూర్చాడు. అంత బాగా ఆయన ఎలా నటించాడో నాకు తెలియదు. బహుశా అప్పుడది నటన కాదు.

అత్తమ్మ నా వైపు చూసి, "గట్లనా బిడ్డా?" అంది. అంతే. లోపలికి పోయి మిగిలిన గిన్నెలు తోముకుంది.

అమ్మ ఆ సాయంత్రం నాకు తల దువ్వుతూ, "మంచిగ చెప్పినవ్" అంది.

మైనం ఊడదీసి, నాన్నే స్వయంగా చెంబు పట్టుకుని పక్కింటికి వెళ్లాడు. తులసాకు వేసి ముసలామె నోట్లో పోశారు. ఆమె రెండు చెంచాలు మింగిందట. రెండు రోజులకు పోయింది. గంగ నోట్లో పడ్డాకే ప్రాణం హాయిగా పోయిందని అందరూ అన్నారు. అత్తమ్మ చూడటానికి వెళితే గేటు దగ్గరే ఆపేశారు. ఏడాదిపాటు ఆ కాళ్లకు నూనె రాసిన మనిషిని, శవం దగ్గర ఏం చేస్తుందోనని లోపలికి రానివ్వలేదు. ఆమె మా వరండాలో నిలబడి పాడె వీధి మలుపు తిరిగే దాకా చూసింది.

ఆ తర్వాత అంతా దానంతటదే జరిగింది. పసిపిల్లల్ని ఆమె చేతికివ్వడం మానేశారు. నల్లా దగ్గర ఆమె వస్తే జరిగి దారిచ్చేవారు. నాన్న ఆమెను దవాఖానాకు తీసుకెళ్లాడు. నరాల బలహీనత అని చెబితే డాక్టరు నిద్రమాత్రలిచ్చాడు. అవి మింగి ఆమె పొయ్యి ముందే కునికేది, అన్నం మాడేది. మాడిన అన్నం వాసన వీధిలోకి వస్తే అది కూడా మతి తప్పినదానికి రుజువైంది. మాత్రలు వద్దని ఒకసారి ఉమ్మేసింది. "సూడుండ్రి, మందు గూడ మింగది" అని అమ్మ నలుగురికీ చెప్పింది. రెండు నెలలకు నాన్న ఆమెను కారేపల్లిలో చిన్నాయన దగ్గరికి పంపేశాడు. రెండు చీరలు మూటకట్టుకుని బస్సెక్కింది. చెంబును వదిలేసి పోతే అమ్మ చాన్నాళ్లు మజ్జిగకు వాడింది.

నేను ఆమెను మళ్లీ చూసింది పదేళ్ల తర్వాత. అప్పటికి నాకు పెళ్లయి ఖమ్మంలో ఉంటున్నాను. నాన్న రిటైరై ఖమ్మంలోనే ఇల్లు కట్టుకున్నాడు. చిన్నాయన కొడుకు పెళ్లి కబురు మాట్లాడటానికి కారేపల్లి వెళ్లాను. చిన్నాయన భార్య నన్ను కూర్చోబెట్టి, "మీ అత్తమ్మ పెరట్ల ఉంది, కలుస్తవా?" అంది.

పెరట్లో మిరపకాయలు కుప్పపోసి ఉన్నాయి. అత్తమ్మ ఆ కుప్ప పక్కన కూర్చుని తొడిమెలు తీస్తోంది. చిక్కిపోయింది, పళ్లు ఊడిపోయాయి, వేళ్లు మాత్రం చకచకా ఆడుతున్నాయి. నన్ను చూసి పక్కనున్న గోనెసంచి దులిపి పరిచింది.

"కూసోండి" అంది.

ఆమె నన్ను ఏనాడూ 'మీరు' అనలేదు. "అత్తమ్మా, నేను" అన్నాను.

"కూసోండి. ఘాటు ఉంటది, కండ్లు జాగ్రత్త."

నేను కూర్చున్నాను. మిరపకాయలు తీసుకుని తొడిమెలు ఒలవడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. గంటసేపు ఉన్నాం. నేను ఎన్నిసార్లు నోరు తెరిచానో లెక్కలేదు. చివరికి, "అత్తమ్మా, అప్పుడు నేను అన్న మాట" అని మొదలుపెట్టాను.

ఆమె తలెత్తలేదు. "మతి లేనిదాన్ని. నాకేం యాదికుంటది" అంది.

చిన్నాయన భార్య నన్ను బస్టాపు దాకా సాగనంపుతూ అడిగింది, గుర్తుపట్టిందా అని. లేదన్నాను. ఆమెకు వింతగా అనిపించింది. "గదేంది? ఊర్ల ఎవరి పెండ్లి ఎప్పుడైందో, ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో అన్నీ చెప్తదిగా. మేం ఆమెనే అడుగుతం" అంది.

ఖమ్మం వచ్చాక నాన్న దగ్గరికి వెళ్లాను. ఆయన వాలుకుర్చీలో ఉన్నాడు, ఎదురుగా పక్కింటాయన. నేను వెళ్లేసరికి సిమ్లా గురించే చెబుతున్నాడు. గ్లాసులో గడ్డకట్టిన టీ దగ్గరికి వచ్చింది కథ. అప్పటికి ఆయన దాన్ని నిజంగా నమ్ముతున్నాడని నాకు తెలుసు. పక్కింటాయన వెళ్లాక, అక్క ఎట్లుంది అని అడిగాడు.

"నన్ను గుర్తుపట్టలే" అన్నాను.

నాన్న ముఖంలో ఒక తేలిక కనబడింది. కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలాడు. "నేను అప్పుడే చెప్పలే? మతి పోయిందని మొట్టమొదలు కనిపెట్టింది మనమే గదా" అన్నాడు.

"అవ్" అన్నాను.